పల్చటి ఫోనా, తేలికైన ఫోనా?

ప్రశ్న: నమస్తే అండీ. కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, వయసు 46. వన్‌ప్లస్ 12 వాడుతున్నాను. ఫోన్‌తో పేచీ ఏమీ లేదు గానీ చాలా బరువు. ఫ్లిప్ కవర్ వేశాను, అందులోనే ఏటీఎం కార్డు, ఆధార్, కాలేజీ ఐడీ పెట్టుకుంటాను. రాత్రి పడుకుని చూస్తుంటే చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది, బొటనవేలి మొదట్లో నొప్పి కూడా. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి "ఇప్పుడంతా స్లిమ్ ఫోన్లేనమ్మా, ఐఫోన్ ఎయిర్ గానీ ఎస్25 ఎడ్జ్ గానీ తీసుకో, ఈఎంఐ నేను కడతా" అంటాడు. మావారేమో "అది పూతరేకులా ఉంది, పట్టుకుంటేనే విరిగేట్టుంది, దానికి లక్ష రూపాయలా" అంటారు. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. మధ్యలో వాట్సాప్ గ్రూపులు, ఫోన్‌పే, పిల్లల రికార్డుల ఫొటోలు, అప్పుడప్పుడు ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్. పల్చగా, తేలిగ్గా ఉంటే నిజంగా మంచిదేనా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

మేడమ్ గారూ, అబ్బాయి మాటా మీవారి మాటా కాసేపు పక్కన పెట్టి ముందు ఒక పని చేయండి. వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే మీ ఫోన్‌ని కవర్‌తో, కార్డులతో సహా దాని మీద పెట్టండి, లేకపోతే కిరాణా కొట్టు వాళ్లని అడిగినా తూచి చెప్తారు. వన్‌ప్లస్ 12 ఒక్కదాని బరువే 220 గ్రాములు. మూత ఉన్న కవర్లు రకాన్ని బట్టి 40 నుంచి 70 గ్రాముల దాకా ఉంటాయి, ఒక్కో ప్లాస్టిక్ కార్డు దాదాపు 5 గ్రాములు, పైన టెంపర్డ్ గ్లాస్ ఉండనే ఉంది. అంటే రాత్రి మీ చిటికెన వేలు మోస్తున్నది 300 గ్రాములకు అటూ ఇటూ అన్నమాట. అందులో పావు వంతు దాకా ఫోన్ బరువు కానే కాదు, మనం తగిలించిన సరంజామా.

కాబట్టి కొత్త ఫోన్ సంగతి తర్వాత. ముందు ఆ ఫ్లిప్ కవర్ తీసేసి పల్చటి సిలికాన్ కవర్ ఒకటి వేయండి, రెండు మూడు వందలకే వస్తుంది, కార్డులు పర్సులోకి మార్చండి. కార్డులు ఫోన్‌తో పాటే ఉంటే ఫోన్ పోయిన రోజున అన్నీ ఒకేసారి పోతాయి, ఆ రకంగా చూసినా ఇది మంచి పనే. ఓ రెండు వారాలు అలా వాడి చూడండి. నొప్పి తగ్గితే లక్ష రూపాయలు మిగిలినట్టే.

ఇక అసలు ప్రశ్న. పల్చన, తేలిక అనే రెండు మాటలు ప్రకటనల్లో ఎప్పుడూ జంటగా వస్తాయి, మీ ఉత్తరంలోనూ అలాగే వచ్చాయి, కానీ అవి రెండూ వేర్వేరు. మీ అబ్బాయి చెప్పిన శాంసంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ మందం 5.8 మిల్లీమీటర్లు, బరువు 163 గ్రాములు. అదే కంపెనీ అదే ఏడాది, 2025లో తెచ్చిన మామూలు ఎస్25 మందం 7.2 మిల్లీమీటర్లు. బరువు? 162 గ్రాములు. చదివింది నిజమే, లావుగా ఉన్నదే ఒక గ్రాము తేలిక. స్క్రీన్ చిన్నది కాబట్టి, ఎడ్జ్‌ది 6.7 అంగుళాలైతే దీనిది 6.2. పైగా ఈ లావుపాటి దాంట్లో బ్యాటరీ 4000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత), ఎడ్జ్‌లో 3900. వెనక కెమెరాలు దీనికి మూడు, దానికి రెండు. విడుదలైనప్పుడు మన దగ్గర దీని ధర 80,999, ఎడ్జ్ ధర 1,09,999.

పెద్ద స్క్రీనే కావాలి అంటారా, అప్పుడు ఎడ్జ్‌ని పోల్చాల్సింది ఎస్25 ప్లస్‌తో, రెండిటికీ 6.7 అంగుళాలే. ప్లస్ 190 గ్రాములు, 7.3 మిల్లీమీటర్లు, 4900 ఎంఏహెచ్ బ్యాటరీ, జూమ్ కెమెరా ఉంది, 45 వాట్ల ఛార్జింగ్. ఎడ్జ్‌లో 1000 ఎంఏహెచ్ పోయింది, జూమ్ కెమెరా పోయింది, ఛార్జింగ్ 25 వాట్లకి పడిపోయింది, ధర మాత్రం పదివేలు పెరిగింది. దానికి బదులుగా దక్కింది 27 గ్రాములు, ఒకటిన్నర మిల్లీమీటరు. 27 గ్రాములు చేతికి తెలుస్తాయి, కాదనను. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రం ఇంటికొచ్చి కవర్ వేసేదాకానే, ఎందుకంటే మామూలు కవర్ మందమే దాదాపు అంత ఉంటుంది.

ఐఫోన్ ఎయిర్ లెక్క ఇంకా విచిత్రం. 5.64 మిల్లీమీటర్లు, 165 గ్రాములు, విడుదల ధర 1,19,900. దాంతో పాటే వచ్చిన మామూలు ఐఫోన్ 17 మందం 7.95 మిల్లీమీటర్లు, బరువు 177 గ్రాములు, ధర 82,900. రెండిటి బరువులో తేడా 12 గ్రాములు. మీ కవర్లోంచి మూడు కార్డులు తీసి పక్కన పెడితే అంతకంటే ఎక్కువే తగ్గుతుంది, దానికి విడుదలప్పుడు 37,000 ఎక్కువ కట్టమన్నారు. న్యాయంగా చెప్పాలంటే ఎయిర్ స్క్రీన్ కాస్త పెద్దది, 6.3 బదులు 6.5 అంగుళాలు, లోపలి చిప్ కూడా 17 ప్రో వాటికి వేసిన ఏ19 ప్రో. కానీ వెనక ఒక్కటే కెమెరా, ఎక్కువ దృశ్యం ఒకేసారి పట్టే అల్ట్రావైడ్ లేదు. మోగే స్పీకర్ కూడా ఒక్కటే, పైన చెవి దగ్గర ఉండేదే, కింద ఏమీ లేదు. సిమ్ వేసుకునే గూడు అసలే లేదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే, బయటికి తీయలేని సిమ్) ఒక్కటే దారి.

ఈ ఈసిమ్ సంగతి మీ అబ్బాయి మీకు చెప్పాడో లేదో. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే కుర్రాడికి అది పెద్ద విషయం కాదు. మీకు అవుతుంది. ఒకరోజు బస్సు దిగుతుంటే ఫోన్ కిందపడి స్క్రీన్ నల్లబడింది అనుకోండి. మామూలు సిమ్ అయితే పిన్నుతో గుచ్చి తీసి ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో వేస్తారు, పది నిమిషాల్లో బ్యాంకు ఓటీపీలు మళ్లీ వస్తుంటాయి. ఈసిమ్ అయితే దాన్ని ఇంకో ఫోన్‌కి మార్చుకోవాలి, ఆ ఇంకో ఫోన్ కూడా ఈసిమ్ తీసుకునేదై ఉండాలి, లేకపోతే నెట్‌వర్క్ వాళ్ల స్టోర్‌కి వెళ్లి మామూలు సిమ్ రాయించుకోవాలి. ఈలోగా జీతం పడిన మెసేజ్ కూడా రాదు. ఎయిరే కొనాలని గట్టిగా అనుకుంటే ఇంట్లో ఈసిమ్ పనిచేసే రెండో ఫోన్ ఒకటి ఉందో లేదో చూసుకుని కొనండి.

అసలు పల్చగా చేయడానికి ఎక్కడ కోస్తారంటే, ముందుగా బ్యాటరీలోనే. ఫోన్ విప్పి చూస్తే లోపల సగం చోటు దానిదే. చిప్‌ని చిన్నది చేయొచ్చు, బోర్డుని పైకి నెట్టేసి కెమెరా దిబ్బలో దాచేయొచ్చు (ఎయిర్‌లో చేసింది అదే), బ్యాటరీ మాత్రం రసాయనం, మీకు నేను చెప్పక్కర్లేదు, ఎంత పదార్థం ఉంటే అంత శక్తి. మీ వన్‌ప్లస్‌లో 5400 ఎంఏహెచ్ ఉంటే ఎయిర్‌లో 3149. ఐఫోన్లు తక్కువ బ్యాటరీతోనే బాగా నెట్టుకొస్తాయి, నిజమే, ఆపిల్ లెక్క ప్రకారం ఎయిర్‌లో 27 గంటలు వీడియో చూడొచ్చు, ఐఫోన్ 17లో 30 గంటలు. కానీ అది ఫోన్‌లో దాచుకున్న వీడియో లెక్క. మీరు బస్సులో వెళ్తూ, టవర్ మారినప్పుడల్లా సిగ్నల్ వెతుక్కుంటున్న ఫోన్‌తో, మధ్యలో హాట్‌స్పాట్ కూడా ఆన్ చేస్తే ఆ లెక్కలు నిలబడవు. రోజంతా ఇంట్లోనో ఆఫీసులోనో ఛార్జర్ పక్కన ఉండేవాళ్లకి పల్చటి ఫోన్ సరిపోతుంది, పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా బయట ఉండేవాళ్లకి మూడు గంటలకే టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు పవర్‌బ్యాంక్ కొంటారు. 10,000 ఎంఏహెచ్‌ది సుమారు 200 గ్రాములు ఉంటుంది. బరువు తగ్గించుకుందామని ఫోన్ మారిస్తే హ్యాండ్‌బ్యాగ్‌లోకి ఇంకో ఫోనంత బరువు వచ్చి చేరుతుంది, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఆపిల్ వాళ్లే ఎయిర్ కోసమని వీపుకి అతుక్కునే బ్యాటరీ ఒకటి విడిగా అమ్ముతున్నారు, అది తగిలిస్తే ఆ ఫోన్ మామూలు ఫోన్ కంటే లావు. సన్నబడ్డ ఫోన్‌కి మళ్లీ పొట్ట కొనుక్కోవడం ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇంకొకటి, ఇది షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. లిథియం బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందన్నది చాలావరకు ఎన్నిసార్లు పూర్తిగా ఖాళీ చేసి నింపారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే పనికి పెద్ద బ్యాటరీ రోజుకి ఒకసారి ఖాళీ అయితే చిన్నది ఒకటిన్నర సార్లు అవుతుంది, అంటే అదే వాడకానికి చిన్న బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. మొదటి ఏడాది "ఫర్వాలేదు, సాయంత్రం దాకా వస్తోంది" అన్నది మూడో ఏడాదికి మధ్యాహ్నం భోజనం దాకే వస్తుంది. మీ ఇంట్లో ఫోన్ కొంటే మూడు నాలుగేళ్లయినా వాడతారని నా అంచనా, కాబట్టి కొన్న రోజు బ్యాటరీని కాదు, మూడో ఏడాది బ్యాటరీని ఊహించుకుని కొనండి.

వేడి గురించి రెండు ముక్కలు. పల్చటి ఒంట్లో వేడిని పీల్చుకోవడానికి లోహం తక్కువ, గాలి అసలే ఆడదు. పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే ఐఫోన్ వాడమని ఆపిల్ చెప్తుంది. మే నెలలో కాకినాడలో అది ఎన్ని గంటలకు దాటుతుందో మీకు తెలుసు. ఎండలో హాట్‌స్పాట్ పెట్టినప్పుడు స్క్రీన్ దానంతటదే మసకబారితే ఫోన్ పాడైందనుకోకండి, చల్లబడటానికి అది చేసుకునే ఏర్పాటు. ఏ ఫోనైనా చేస్తుంది, పల్చటివి కాస్త ముందుగా చేస్తాయి.

మీవారి భయం సంగతి. పూతరేకు పోలిక బాగుంది గానీ విరిగిపోతుందన్న భయం ఇప్పుడు అంత అక్కర్లేదు. ఆ భయానికి ఒక కారణం ఉంది. 2014లో ఐఫోన్ 6 ప్లస్ ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగిపోతోందని పెద్ద గొడవైంది, దాని మందం 7.1 మిల్లీమీటర్లు. మరుసటి ఏడాది వచ్చిన 6ఎస్‌కి ఆపిల్ ఇంకా గట్టి అల్యూమినియం వేసి, మందం కూడా కొంచెం పెంచింది. ఇప్పటి ఎయిర్‌కీ ఎడ్జ్‌కీ ఫ్రేమ్ టైటానియంది, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకు తిరిగితే వంగవు. ధర మీద ఆయన అభ్యంతరంతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఈ పల్చన మోజు కొత్తదేమీ కాదు. పదేళ్ల కిందట జియోనీ, మైక్రోమాక్స్ మన ఊళ్లలో ప్రతి సెల్ షాపు బోర్డు మీదా ఉన్న రోజుల్లో ఇదే పోటీ నడిచింది. 2014లో ఒప్పో ఆర్5 అని 4.85 మిల్లీమీటర్ల ఫోన్ తెచ్చారు, అంత పల్చన కోసం ఇయర్‌ఫోన్ జాక్ తీసేశారు. 2015లో మైక్రోమాక్స్ కాన్వాస్ స్లివర్ 5 వచ్చింది, 5.1 మిల్లీమీటర్లు, బరువు 97 గ్రాములే, చేతిలో పెడితే డమ్మీ పీసేమో అనిపించేది, బ్యాటరీ 2000 ఎంఏహెచ్. ఆ దారిలో ఎక్కువ దూరం వెళ్లిన వాళ్లు లేరు. జనం పల్చటి ఫోన్ చేత్తో పట్టుకుని మురిసిపోయి, కొనేటప్పుడు మాత్రం పెద్ద బ్యాటరీవి కొన్నారు.

అలాగని పల్చన ఎక్కడా పనికిరాదని కాదు. మడత ఫోన్లకి అది నిజంగా ప్రాణం. మూసినప్పుడు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి కదా, ఒక్కో పొరలో తగ్గించిన ప్రతి మిల్లీమీటరూ జేబులో రెండవుతుంది. గెలాక్సీ ఫోల్డ్ 6 మూస్తే 12.1 మిల్లీమీటర్లు, 239 గ్రాములు ఉండేది. ఫోల్డ్ 7 వచ్చేసరికి 8.9 మిల్లీమీటర్లు, 215 గ్రాములు. అంటే మడత పెట్టినా ఇంచుమించు మీ చేతిలో ఉన్న వన్‌ప్లస్ 12 అంతే. అక్కడ పల్చన కోసం డబ్బు పెట్టడంలో అర్థం ఉంది, అయినా దానికీ ఒక మూల్యం ఉంది, స్టైలస్ పెన్ను పనిచేయడం ఫోల్డ్ 7లో మానేసింది.

మగవాళ్లకి ప్యాంటు జేబు, చొక్కా జేబు ఉంటాయి, పల్చగా ఉంటే జేబు ఉబ్బదు. చీరకీ, చాలా కుర్తీలకీ ఆ జేబే ఉండదు, ఫోన్ బ్యాగులోకే పోతుంది, బ్యాగులో 5.6 అయినా 8 అయినా ఒకటే. పల్చన వల్ల వచ్చే అసలు లాభమే జేబు దగ్గర, అది మీకు వర్తించేది తక్కువ. మీకు కావాల్సింది బరువు తగ్గడం, ఇంకా ఒకటి.

ఆ ఇంకొకటి వెడల్పు. దీన్ని ఏ ప్రకటనలోనూ పెద్ద అక్షరాలతో రాయరు. చిటికెన వేలి తిమ్మిరికి కారణం కింద మోస్తున్న బరువు అయ్యుండొచ్చు గానీ, బొటనవేలి మొదట్లో నొప్పికి కారణం ఎక్కువగా సాగదీయడం, ఒంటి చేత్తో పట్టుకుని పై మూలలో ఉన్న బటన్ అందుకోవడానికి వేలిని లాగడం. మీ వన్‌ప్లస్ 12 వెడల్పు 75.8 మిల్లీమీటర్లు. ఎస్25 ఎడ్జ్ 75.6, ఎయిర్ 74.7. అంటే లక్ష పోసి అవి కొన్నా బొటనవేలి పాట్లు అలాగే ఉంటాయి. మామూలు ఎస్25 వెడల్పు 70.5, ఐఫోన్ 17ది 71.5. నాలుగైదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే గానీ ఆ తేడా తెలియదు.

కవర్ మార్చి రెండు వారాలు చూశాక కూడా మారాలనిపిస్తే, నా ఎంపిక చెప్తాను. మీ రోజుకి బ్యాటరీ తప్పదు, చేతికి చిన్న ఫోన్ తప్పదు, ఈ రెండూ కలిసేవి 2025లో మన దగ్గరికి వచ్చాయి. వన్‌ప్లస్ 13ఎస్ 185 గ్రాములు, 5850 ఎంఏహెచ్. వివో ఎక్స్200 ఎఫ్ఈ 186 గ్రాములు, 6500 ఎంఏహెచ్. రెండూ 6.3 అంగుళాల స్క్రీన్లు, వెడల్పు 72 మిల్లీమీటర్ల లోపే, విడుదల ధర రెండిటికీ 54,999. మందం 8 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఎవరూ వీటిని పల్చటివి అనరు, కానీ మీ ఇప్పటి ఫోన్ కంటే 35 గ్రాములు తేలిక, బ్యాటరీ ఇంకా పెద్దది. ఇది ఎలా కుదిరిందంటే వీటిలో వాడేది సిలికాన్ కార్బన్ బ్యాటరీ, ఆనోడ్‌లో (ఛార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే భాగం) గ్రాఫైట్‌తో పాటు సిలికాన్ కలుపుతారు, అదే బరువుకి సిలికాన్ పట్టుకునే లిథియం ఎన్నో రెట్లు ఎక్కువ. ఛార్జ్ అయ్యేటప్పుడు బాగా ఉబ్బుతుంది, దాన్ని అదుపులో పెట్టడానికే ఆ కార్బన్ ఏర్పాటు. ఎయిర్, ఎడ్జ్ ఈ రకం బ్యాటరీతో రాలేదు.

బ్యాటరీ కంటే చేతి నొప్పే ముఖ్యం, కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఛార్జర్ పెట్టుకోవడానికి ప్లగ్ ఉంది అంటే మాత్రం మామూలు ఎస్25 చూడండి. మీ ఫోన్ కంటే 58 గ్రాములు తక్కువ, అది మాత్రం చేతిలోకి తీసుకున్న క్షణంలోనే తెలుస్తుంది. ఐఫోనే కావాలని అబ్బాయి పట్టుబడితే ఐఫోన్ 17, ఎయిర్ కాదు.

నొప్పి గురించి నేను డాక్టర్ని కాదు, తిమ్మిరి పగలు కూడా ఉంటున్నా, పట్టు తగ్గినట్టు అనిపించినా, బొటనవేలి నొప్పి కవర్ మార్చినా పోకపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, ఫోన్ మార్పుతో పోయేది కాకపోవచ్చు. ఈలోగా రాత్రిపూట ఫోన్ చేత్తో పట్టుకోకుండా మంచం పక్కన స్టాండు మీద పెట్టండి, వంద నూటయాభైకి దొరుకుతుంది. ఫోన్ అడుగు భాగాన్ని చిటికెన వేలి మీద నిలబెట్టే అలవాటు మానండి. సెట్టింగ్స్‌లో వన్ హ్యాండెడ్ మోడ్ అని ఉంటుంది, ఆన్ చేస్తే పై సగం కిందికి దిగుతుంది.

షోరూమ్‌కి వెళ్లినప్పుడు బల్ల మీద తాడు కట్టి పెట్టిన డెమో పీస్ పట్టుకుని బరువు తేల్చేయకండి. ఆ తాడు, వెనక అతికించిన బిళ్ల కలిసి బరువు తప్పుగా తెలుస్తుంది. కొన్ని షాపుల్లో పెట్టేవి లోపల ఏమీ లేని డమ్మీలు, అవి మరీ తేలిగ్గా ఉంటాయి. పనిచేసే ఫోన్ విడిగా ఇమ్మని అడగండి, మీరు వేసే కవర్ లాంటిదే ఒకటి తొడిగించండి, కుడిచేత్తో పట్టుకుని పైనుంచి నోటిఫికేషన్లు బొటనవేలితో కిందికి లాగండి. పట్టు మార్చకుండా అందితే ఆ ఫోన్ మీ చేతికి సరిపోతుంది. అందకపోతే ఎంత పల్చనైనా వద్దు. అబ్బాయిని ఫోన్లో కాదు, ఆదివారం రమ్మని పక్కన పెట్టుకుని వెళ్లండి, ఈఎంఐ కట్టేది వాడే కదా.